గంటపూల తేనెటీగ

సమాధుల మధ్య మోకాళ్ళ మీద కూర్చున్న రెలీన్‌ను కొత్తవాళ్ళు చూస్తే, పాపం ఎవరినో పోగొట్టుకున్నట్టుందని తల దించుకుని పక్కనుంచి వెళ్ళిపోతారు. ఆమె చూపు రాతి మీద లేదు. రాతి పక్కన ఇసుకలో మొలిచిన నీలం గంటపూల మీద ఉంది. తన నీడ పువ్వు మీద పడకుండా సూర్యుడికి ఎదురుగా చేరి, మోచేతులు నేలకు ఆనించి, ఊపిరి బిగబట్టి కెమెరా నొక్కింది.

పువ్వు లోపల చలికి ముడుచుకుని ఒక మగ తేనెటీగ నిద్రపోతోంది. నల్లనిది, బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దది.

"లేవరా బద్ధకిష్టీ, ఎండెక్కింది," అంది రెలీన్.

డన్‌వెల్ శ్మశానంలో గడ్డి కోయడం ఆమె ఉద్యోగం. ఎండకు ఎర్రగా కమిలిపోయిన మెడ, మిషను పట్టి పట్టి మగవాడి చేతుల్లా బండబారిన చేతులు, ఎప్పుడో బ్లేడు తగిలి గోరు సరిగా రాని బొటనవేలు. పెళ్ళి ఒకటి అయింది, నిలవలేదు. దాని గురించి అడిగితే "అదా!" అని ఊరుకుంటుంది. గొర్రెల బొచ్చు కత్తిరించీ కత్తిరించీ నడుము పోగొట్టుకున్న అన్న క్లారీతో కలిసి ఉంటుంది. పాత కెమెరా కొని మొట్టమొదట తీసిన తేనెటీగ ఫోటోను ఆమె గర్వంగా ఫ్రేము కట్టించింది. తీరా చూస్తే అది తేనెటీగ వేషం వేసుకున్న మామూలు ఈగ. పొట్టి మీసాలు, రెండే రెక్కలు. ఈ పిచ్చి పట్టిన ప్రతివాళ్ళూ ఒకసారి పడే గుంటే. క్లారీ మాత్రం అప్పటినుంచి చెల్లెల్ని ఈగమ్మ అనే పిలుస్తున్నాడు.

ఎండ కాస్త ముదిరాక శ్మశానం మేనేజరు ముర్రే వచ్చి, ఆ పాత వరస చివర నిలబడి తల గోక్కున్నాడు.

"గురువారం కంకర లారీ వస్తోంది రెలీన్. ఇక్కడంతా పరిపించేస్తున్నాం. కలుపు చూడలేక చస్తున్నామని కమిటీ ఒకటే గోల."

"కంకర పోస్తే నేలలో ఈ తేనెటీగల బొరియలన్నీ పూడిపోతాయి. ఈ జిల్లాలో ఇవి ఇంకెక్కడా లేవు. నేను వెతకని చోటు లేదు."

"సరే, వీటి పేరేంటి?"

"గంటపూల తేనెటీగ అంటాను."

"నువ్వనేది కాదమ్మా తల్లీ. 'నల్లగా చిన్నగా ఏదో ఉంది' అని కమిటీలో నేను పోట్లాడలేను. మ్యూజియం వాళ్ళని ఒక పేరు చెప్పమను, లారీని నేనే ఆపుతా."

ముర్రే మాట తప్పే మనిషి కాదు. టీ వేళకు రెలీన్ షెడ్డు వెనక కూర్చుని మ్యూజియంలో పురుగుల విభాగం చూసే ఆస్ట్రిడ్‌కు ఫోను చేసింది.

"మీ ఫోటోలు ఎంత బాగున్నాయో చెప్పలేను," అంది ఆస్ట్రిడ్. "కానీ వీటిలో నాలుగైదు రకాలు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. రెక్క ఈనెలు, వెనక కాలి వెంట్రుకలు మైక్రోస్కోపు కింద చూస్తే తప్ప పేరు పెట్టలేను. ఒక ఆడదాన్ని పంపండి."

"చంపి."

"అవును, చంపే. ఒక్కటి చాలు."

రెలీన్ టీ చల్లారిపోయింది. ఇన్నేళ్ళలో ఆమె ఒక్కదాన్ని కూడా పట్టుకోలేదు. ఫోటో తీసి వదిలేయడమే తన పద్ధతి. వల వేసేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండేది. ఇప్పుడు అన్నిటినీ బతికించాలంటే ఒకదాన్ని తనే చంపాలి. అయినా చేయాలా వద్దా అని ఆమె తర్జనభర్జన పడలేదు. దేన్ని అన్నదే ఆలోచించింది.

ఈ తేనెటీగలకు రాణి లేదు, తేనెపట్టు లేదు. ప్రతి తల్లీ తన బొరియ తానే తవ్వుకుని, తన పిల్లలకు తానే తిండి మోస్తుంది. వాటిలో కుడి రెక్క అంచు చిరిగిన ముసలిదాన్ని రెలీన్ చలి తగ్గిన నాటినుంచి ఫోటోలు తీస్తోంది. దాని పని చాలావరకు అయిపోయింది, ఎలాగూ ఎక్కువ రోజులు బతకదు. ఆ మాట నిజమే, కానీ దానివల్ల బాధేమీ తగ్గలేదు. అసలు సంగతి వేరు. ముక్కూ మొహం తెలియనిదాన్ని పట్టుకుంటే దొంగతనం చేసినట్టుంటుందని ఆమెకు అనిపించింది.

భోజనం మానేసి పూల దగ్గర కూర్చుంది. ముసలిది వచ్చి పువ్వులో దూరింది. రెలీన్ దాని మీద చిన్న గాజుసీసా బోర్లించి మూత బిగించింది. ఇంత సులువుగా దొరికినందుకు దాని మీదే కోపం వచ్చింది.

సీసాను ముర్రే బల్ల మీద పెట్టింది.

"ఇది మ్యూజియానికి వెళ్తోంది. పేరొచ్చేదాకా లారీ ఆగాలి."

ముర్రే సీసాను ఎత్తి చూసి, మెల్లగా దించాడు. "ఆగుతుంది. మరి ఎక్కడపడితే అక్కడ దొరికేదే అని తేలితే?"

"తేలదు," అంది రెలీన్. ముర్రే ఫోను అందుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో క్లారీ సాసేజీలు వేయిస్తున్నాడు.

"ఏం ఈగమ్మా, ఇవాళ ఫోటో బదులు ఈగనే తెచ్చావా?"

"తేనెటీగ. బతికే ఉంది. ఫ్రీజరులో పెడితే నిద్రలోనే పోతుందట."

క్లారీ నవ్వబోయి, చెల్లెలి మొహం చూసి పొయ్యి కట్టేశాడు. ఫ్రీజరు తెరిచి, చేపల ఎరకు దాచుకున్న స్క్విడ్ పొట్లం తీసి కింది అరలో పడేశాడు. పై అరలో మంచు గీకి తువ్వాలుతో తుడిచాడు.

"నొప్పెడుతుందా దానికి?"

"పెట్టదంటోంది ఆస్ట్రిడ్."

"అయితే పెట్టు."

రెలీన్ సీసా పెట్టి తలుపు మూసింది. ఇద్దరూ కూర్చుని తిన్నారు. ఆమె ఆకలి మీద ఉంది, పళ్ళెం ఖాళీ చేసింది. గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని వెళ్ళి ఫ్రీజరు తెరిచింది. అంతా అయిపోయింది. ముసలిది సీసా అడుగున పక్కకు ఒరిగి ఉంది. ఇంటికి మోసుకెళ్తున్న తెల్లటి పుప్పొడి దాని వెనక కాళ్ళకు అలాగే అంటుకుని ఉంది.