కింది గాలి, పై గాలి

నేను ఒక ఎనిమోమీటరును. గాలి వేగం కొలవడం నా పని. నాతో మెలిగినవాళ్లెవరూ ఆ పేరు పలకలేదు. నా మూడు గిన్నెలను చూసి 'గిన్నెల మీటరు' అనేవారు. గాలి వీస్తే తిరుగుతాను, ఎంత వేగంగా తిరిగానో చెబుతాను. అంతకు మించి నాకు ఏ విద్యా రాదు.

బెంగళూరులో ఒక చిన్న షెడ్డులో పుట్టాను. అక్కణ్ణుంచి లారీ ఎక్కి, అనంతపురం జిల్లాలో గాలిమరలు నిలబెట్టిన ఒక గుట్ట మీదికి చేరాను. వంద మీటర్ల ఇనుప స్తంభానికి మమ్మల్ని నలుగురిని బిగించారు. ముగ్గురిని పైన, నన్ను పది మీటర్ల ఎత్తులో. మరల రెక్కలు తిరిగేది పైన కాబట్టి మర్యాదంతా పైవాళ్లకే. నా అంకెలు పడే కాగితం ఎవరూ చదివేవారు కాదు.

చదివిన రోజున నా మీద నేరం మోపారు.

"సారూ, ఈ గిన్నెల మీటరు సచ్చినట్టుండాది. సాయంత్రమైతే పైనవి గిరగిరా తిరుగుతాండాయి, ఇది మాత్రం కదలడంల్యా" అన్నాడు ఓబులేసు. మరలెక్కి మరమ్మతులు చేసే మనిషి. గుట్టంతా అతని చేతివేళ్లకు తెలుసు.

"పీకి పారెయ్" అన్నాడు ఇన్‌చార్జి చెన్నకేశవులు. ఆయన ఏ పనైనా రెండు మాటల్లో తేల్చేస్తాడు.

పీకే లోపల అనంతపురం ఆఫీసు నుంచి మెహరున్నీసా వచ్చింది. రేపు గాలి ఎంత వీస్తుందో ముందే లెక్కకట్టి చెప్పడం ఆమె ఉద్యోగం. ఆ లెక్క కంప్యూటరే కట్టేది. కానీ సాయంత్రాలు అది తప్పుతూనే ఉండేది. తగ్గుతుందన్న గాలి పెరిగేది. తిట్లు మాత్రం మెహరున్నీసాకు పడేవి. కంప్యూటర్ను తిట్టి ఏం లాభం?

"పొద్దున బాగానే తిరుగుతాంది గదన్నా. పొద్దు గూకేటప్పుడు మాత్రమే సచ్చిపోయే మిషను యాడన్నా ఉంటాదా?" అని అడిగింది.

ఓబులేసు తల గోక్కున్నాడు. "నిజమే మేడం. ఆ యాళకు కింద గాలి పడుకుంటాది. పైకెక్కితే మాత్రం టోపీ ఎగిరిపోతాది."

ఆమె నా వైపు తలెత్తి చూసింది. పుట్టాక నన్ను అంత శ్రద్ధగా చూసిన మనిషి ఆమే.

నలభై సాయంత్రాలు నా అంకెలనూ పైవాళ్ల అంకెలనూ పక్కపక్కన రాసుకుంది. ఎండ తగ్గి నేల చల్లబడగానే కింది గాలి నేలను పట్టుకుని ఆగిపోతుంది. ఆ పట్టు నుంచి విడిపడ్డ పై గాలి ఇక అడ్డూ ఆపూ లేకుండా పరుగెత్తుతుంది. కంప్యూటరు రెంటినీ ఒకే గాలిగా కలిపేసి, కింద తగ్గితే పైనా తగ్గుతుందనుకుంటోంది. నేను ఆగడం రోగం కాదు, కబురు. ఆమె ఆ సంగతి రాసి పంపితే, పై అధికారులు 'చూద్దాం' అన్నారు. మనుషులు చూద్దాం అన్నారంటే చూడరని నాకప్పటికే అర్థమైంది.

అంతలో ఒక మర రెక్కకు బీట పడింది. దింపి బాగుచేసి, తిరిగి ఎక్కించే రోజు వచ్చింది. యాభై మీటర్ల రెక్క. క్రేను కింద నుంచి ఎత్తితే, పైన కూర్చుని అందుకుని బోల్టులు బిగించాల్సింది ఓబులేసు. కంప్యూటరు సాయంత్రం గాలి తగ్గుతుందంది. ఐదు గంటలకు రెక్కకు పట్టీలు కట్టారు, ఓబులేసు పైకెక్కాడు.

నేను మెల్లగా ఆగిపోయాను. నా సున్నా అనంతపురంలో మెహరున్నీసా తెర మీద పడింది.

చెన్నకేశవులు ఫోను మోగింది. "సార్, ఎత్తకండి!" మెహరున్నీసా గొంతు స్పీకర్లో వినిపించింది.

"కింద ఆకు కూడా కదలడం లేదు గదమ్మా!"

"అది కదలడం లేదనే సార్ నా భయం. ఓబులేసన్నను దిగమనండి. ఒక్క గంట ఆగి చూడండి."

ఆయన ఆకాశం చూశాడు, రెక్కను చూశాడు. క్రేను మళ్లీ దొరకడానికి ఎన్ని రోజులు పడుతుందో మనసులో అనుకున్నట్టున్నాడు. చివరికి రెండు మాటలే అన్నాడు. "దిగు ఓబులేసూ."

అతను నేల మీద కాలు పెట్టిన ఇరవై నిమిషాలకే ఎత్తులో గాలి ఈల మొదలైంది. క్రేను చివర ఖాళీ కొక్కెం ఊగి, ఊగి, ఇనుప చేతికి ఠంగున తగిలింది. కింద చెన్నకేశవులు వెలిగించిన అగ్గిపుల్ల మాత్రం నిటారుగా మండింది. దాని వైపు చూస్తూ ఆయన సిగరెట్టు ముట్టించడం మరిచిపోయాడు.

మర్నాడు పొద్దున పది గంటలకు, పై గాలి నెమ్మదించాక, రెక్క ఎక్కింది. ఓబులేసు కిందికి దిగి ఫోను చేశాడు. "మేడం, మా ఇంటికి భోజనానికి రావల్ల. మా ఆడమనిషి ఉగ్గాని బజ్జీ చేస్తాదంట." ఆమె వెళ్లింది కూడా. ఆ నెలలోనే నా అంకెలు కంప్యూటరు లెక్కలోకి ఎక్కాయి. చుట్టుపక్కల గుట్టల మీద కూడా పది మీటర్ల ఎత్తులో మీటర్లు పెట్టారు. సాయంత్రపు లెక్క దారికొచ్చింది.

ఏడేళ్లు తిరిగాక నా బేరింగులు అరిగాయి. ఓబులేసు నన్ను దించి తుండుగుడ్డలో చుట్టి తీసుకెళ్లి, ఆమెకే ఇచ్చాడు. ఇప్పుడు ఆమె బల్ల మీద ఉంటున్నాను. ఏసీ గదిలో గాలి అనేదే లేదు. టీకి లేచినప్పుడల్లా ఆమె వేలితో నా గిన్నెను ఒకసారి తోస్తుంది. కీచుమంటూ నాలుగు చుట్లు తిరుగుతాను. ఆ తిరుగుడును ఎవరూ కొలవరు. హాయిగా ఉంటుంది.