పసుపు అంటిన బ్యాటరీలు

శశిధర్ పెండ్లాం పగలంతా బ్యాటరీలను పొదుగుతూ కూర్చుంటుందని, కోడి కూడా గుడ్ల మీద అంత ఓపికగా కూర్చోదని పక్కింటి విజయలక్ష్మి పిండిగిర్ని దగ్గర అన్నదట. ఆ మాటను అత్త పుష్పమ్మ పిండితోపాటు ఇంటికి మోసుకొచ్చింది.

"నలుగురు నవ్వుతున్నరు పిల్లా" అంది డబ్బా దించుతూ.

స్రవంతి కూడా నవ్వింది. అందులో అబద్ధమేముంది? మొగుడు మిర్యాలగూడ చుట్టుపక్కల పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాడు. చేత పట్టుకునే లైట్లకు బ్యాటరీలు సిద్ధం చేసేది ఆమె. పెళ్లి నుంచి వేడిగా వచ్చినవాటిని వెంటనే ఛార్జింగుకు పెట్టదు, చల్లారనిస్తుంది. పూర్తిగా వట్టిపోకముందే మళ్లీ నింపుతుంది. ఆషాఢంలో, మూఢాల్లో పెళ్లిళ్లు లేనప్పుడు సగం మాత్రమే నింపి, బియ్యం బస్తాల గదిలో చల్లని మూలన దాస్తుంది. ఉబ్బినదానికి మళ్లీ ఛార్జరు చూపించదు. తోటి ఫోటోగ్రాఫర్లు ఏటేటా కొత్తవి కొంటుంటే, ఈ ఇంట్లో ఆమె పెళ్లినాటివే ఇంకా నడుస్తున్నాయి. "మంచి కంపెనీవి పట్టినవ్ రా" అని వాళ్లంటే శశిధర్ అవునంటాడు.

ఛార్జరు మీది ఎర్రచుక్క పచ్చబడేదాకా మధ్యాహ్నం ఆ గదిలో కదలని కాలువ నీళ్లలా నిలిచిపోతుంది. అప్పుడు స్రవంతి ఎటో వెళ్లిపోతుంది. ఇదిగో, ఈ బ్యాటరీ వెలుగు త్రిపురారంలో ఒక పెళ్లికూతురి చెంప మీద వాలుతుంది. బాసికం పక్కన చెమట మెరుస్తుంది. ఆ వెనకాల చీకట్లో ఎవరో ముసలమ్మ నవ్వుతుంది, లైటు అటు తిరిగితే ఆమె కూడా ఫోటోలో పడుతుంది. తనైతే తిప్పేది. కానీ తను నింపిన వెలుగు ఎవరి ముఖం మీదా పడటం స్రవంతి ఒక్కసారైనా చూడలేదు.

"నేనూ వస్త, లైటు పట్టుకుంట" అని అడిగింది చాలాసార్లు. "నువ్వొస్తే ఇంట్ల ఛార్జింగ్ ఎవరు పెడ్తరు?" అంటాడు. నడుము నొప్పిగా ఉందన్న రోజున "ప్లగ్గు పెట్టుడు గూడ ఒక పనేనా" అన్నదీ ఆ నోరే. తానూ ఒక బ్యాటరీనే అనుకోబోయి ఆగిపోయింది. కాదులే, వేడెక్కితే దాన్ని కాసేపు పక్కన పెడతారు.

దసరా నాడు ఆయుధపూజకు కెమెరాలు, లైట్లు, నింపిన బ్యాటరీలు పీట మీద పేర్చారు. పుష్పమ్మ తడి పసుపుతో ఒక్కోదానికి బొట్టు పెట్టింది. బంగారంలా మెరిసే చోటే పెట్టింది, అదే దాని ముఖమనుకుని. స్రవంతి అప్పుడు వంటింట్లో గారెలు వేస్తోంది.

మర్నాడు నడిగూడెం పెళ్లిలో, సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకు లైటు మిణుకుమని ఆరిపోయింది. బ్యాటరీ మార్చినా వెలగలేదు. శశిధర్ అక్కణ్నుంచే ఫోన్ చేశాడు. "ఇంట్ల కూసోని ఛార్జింగ్ పెట్టుడు గూడ శాతగాదా నీకు?" వెనక సన్నాయి, ఎవరివో నవ్వులు వినబడుతున్నాయి. తను వెలుగు నింపి పంపిన పెళ్లి చప్పుడు మొదటిసారి ఆమె చెవిదాకా వచ్చింది.

సంచి ఇంటికొచ్చాక తెరిచి చూస్తే, లైటుకు కరెంటు అందించే ఆ బంగారు రంగు రేకుల మీద ఎండి పెచ్చులు కట్టిన పసుపు. మొగుడికీ అత్తకూ చూపించింది. పుష్పమ్మ ముఖం చిన్నబోయింది.

"అమ్మ తెల్వక పెట్టింది తియ్. దేవుని పసుపాయె" అన్నాడు శశిధర్. ఫోన్లో అన్న మాట ఊసే ఎత్తలేదు.

స్రవంతి పొడిగుడ్డతో పసుపు రాల్చి, దూదికి స్పిరిట్ అద్ది ఒక్కో రేకూ తుడిచింది. ఆరనిచ్చి, నింపింది. తెల్లవారి స్నానం చేసి, నలగని చీర కట్టుకుని, బ్యాటరీల సంచి తన భుజానికే తగిలించుకుంది.

"ఇగ పోదాం పా. పాలకీడు పెండ్లికి లైటు నేను పట్టుకుంట."

శశిధర్ బండి తాళం వేలికి తిప్పుతూ నవ్వాడు. "ప్లగ్గు పెట్టేటోళ్లకు పెండ్లిల ఏం పని? అమ్మా, జర నువ్వన్న చెప్పు."

పుష్పమ్మ కోడలి భుజం మీది సంచిని చూసింది.

"లైటు ఆరితే నా తప్పన్నవ్ గద" అంది స్రవంతి. "మరి గిన్నేండ్లు వెలిగింది ఎవరి పని?"