అమ్మ తెంచిన పోగులు

చిల్లు పడ్డ గుడ్డ మగ్గం ఉన్న ఇంటి గడప దాటి పోకూడదని పున్నమ్మ అత్తగారు అనేది. ఎందుకని అడిగితే, వాళ్ళ అత్తగారు చెప్పింది, అంతే. పున్నమ్మ కూడా ఆ మాటను అట్లాగే పట్టుకుంది. పాలు పోయడానికి వచ్చిన మనిషి తువ్వాలు చిరిగి ఉన్నా సరే, కాసేపు కూర్చోబెట్టి, పోగు పెట్టి పంపేది. చీరాల పక్కన ఆ నేతపేటలో ఆమె చేతికి ఒక పేరుంది. పున్నమ్మ అతికిన చోటు ఎక్కడో వేలితో చూపించమంటే నేసినవాడు కూడా చూపించలేడని చెప్పుకునేవాళ్ళు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆమె ఏమీ ఎరగనట్టు నూలు కండె చుట్టుకుంటూ ఉండేది గానీ, లోపల ఎక్కడో ఒక పొంగు వచ్చేది.

మిరపకాయలు కల్లాల్లో ఆరుతున్న రోజుల్లో, ఒక శనివారం, మంగళగిరి నుంచి ఆమె అక్క కూతురు భవ్య వచ్చింది. వెంట ఒక నల్లని, పొడుగాటి అమ్మాయి. సన్నటి జడలు లెక్కలేనన్ని అల్లుకుని, వాటిని వెనక్కి ముడివేసి ఉంది. బస్సులో ఎవరో మిరపకాయల మూటలు వేశారట. దిగినప్పటి నుంచి ఇద్దరూ తుమ్ముతూనే ఉన్నారు.

"బాబాయ్, ఈమె బోమా. నాతోపాటే చదువుతోంది. నైజీరియా," అంది భవ్య ముక్కు తుడుచుకుంటూ.

గుంట మగ్గంలో కూర్చున్న పున్నమ్మ మొగుడు మాలకొండయ్య తల ఎత్తాడు. "రామ్మా, రా. ఒసేయ్, ముందు ఇద్దరికీ మంచినీళ్ళియ్యి. మిరపకాయ ఏ దేశంవాళ్ళనీ వదలదు."

బోమా నవ్వింది. ఆమెకు వచ్చిన తెలుగు కాలేజీ మెస్సులో నేర్చుకున్నదే. అన్నం, పప్పు, చాలు. ఆ మూడు మాటలూ వరసగా అప్పగించేసరికి మాలకొండయ్య పగలబడి నవ్వాడు.

తరవాత ఆ అమ్మాయి సంచిలోంచి ఒక గుడ్డ తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుని ఒకసారి గాలి పీల్చి, అప్పుడు అతని చేతికిచ్చింది. ఎర్ర గళ్ళు, మధ్యలో నలుపు, సన్నటి తెలుపు. మాలకొండయ్య మడత విప్పకుండానే ఒక కొసను వెలుతురుకు పట్టి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"ఇది మన గడే," అన్నాడు పెళ్ళాంతో. "మన పేటదే. మా నాయన నేసిన రుమాళ్ళు ఇవే. మద్రాసు షావుకారు మూటలు కట్టించుకుని ఓడకెక్కించేవాడు. ఎక్కడికి పోతున్నయ్యో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు."

బోమా చెబుతుంటే భవ్య ఒక్కొక్కటిగా తెలుగులో చెప్పింది. నది వెళ్ళి సముద్రంలో కలిసేచోట వాళ్ళ ఊరు, బుగూమా. వాళ్ళు కలబరి అనే జనం. ఈ గుడ్డను ఇంజిరి అంటారు. బిడ్డ పుట్టినప్పుడు చుట్టేది ఇదే. పెద్దవాళ్ళు పోయినప్పుడు, చివరిసారి పడుకోబెట్టే మంచాన్ని అలంకరించేదీ ఇదే. ఎన్ని ఇంజిరిలు పెట్టెలో ఉంటే అంత గొప్ప వంశం. ఇప్పుడు బోమా అమ్మమ్మ పోయింది. అక్కడ పెద్దవాళ్ళను సాగనంపడానికి నెలలు పడుతుంది, అందరూ రావాలి. ఈ గుడ్డ బోమా వాళ్ళమ్మది. చదువుకు బయలుదేరేటప్పుడు కూతురికి చుట్టి పంపింది. ఆ తరవాత ఏడాది తిరక్కుండానే, అమ్మమ్మ కన్నా ముందే, ఆమె పోయింది. తన మంచం మీద ఆ పోయిన కూతురి గుడ్డే పరవమని అమ్మమ్మ చెప్పి కళ్ళు మూసిందట. దీనికి జతగా సరిగ్గా ఇలాంటిదే ఇంకొకటి కొత్తది కావాలి.

మాలకొండయ్య గుడ్డను ఒళ్ళోకి దించాడు. "అయితే ఇన్నాళ్ళూ మనం నేసింది పీనుగుల మంచాల మీదకా?" అన్నాడు మెల్లగా.

"పుట్టినప్పుడు కూడా అదేనంటగా," అంది పున్నమ్మ. "రెండు కొసలకీ ఒకే గుడ్డ. అందులో మైల ఏముంది?" అన్నదే గానీ, ఆమెకూ లోపల కొంచెం ఝల్లుమంది. దేవుడి గూట్లో నేతపనివాళ్ళ కులదైవం భావనారుషి పటం వైపు చూసింది. ఆ పటం మామూలుగానే ఉంది.

గళ్ళు లెక్కపెట్టి, ఆ లెక్క ప్రకారం మగ్గానికి అచ్చు కట్టాలి గనక పాత గుడ్డ ఇక్కడే ఉండాలన్నాడు మాలకొండయ్య. ఇవ్వడానికి ఆ అమ్మాయి కొంచెం తటపటాయించింది. చివరికి రెండు చేతులతో తెచ్చి పున్నమ్మ ఒళ్ళో పెట్టింది. జాగ్రత్త, అని ఇంగ్లీషులో అంది. భవ్య చెప్పనక్కర లేకుండానే పున్నమ్మకు అర్థమైంది.

వాళ్ళు వెళ్ళాక ఆమె ఆ గుడ్డను విప్పి చూసింది. ప్రాణం ఉసూరుమంది. నడుమ అంతా చిల్లులే. ఒక్కో గడిలో పోగులు తెగి, ఖాళీలు. దూరం నుంచి చూస్తే వల పరిచినట్టుంది. పెట్టె వాసన, పొగ వాసన, ఇంకేదో చేపల రేవు వాసన.

మాలకొండయ్య పక్కన కూర్చుని గళ్ళు లెక్కపెట్టుకుంటూ, "ఇదేందే, ఎలక పని లాగా లేదు. తెగిందంతా వరసగా ఉంది చూడు," అన్నాడు.

"మడత మీద మడత పెట్టి ఏళ్ళ తరబడి పెట్టెలో పెడితే చిట్లవా? మడతకో వరస."

"ఏమో మరి. భవ్యకి ఫోను చేసి అడుగుదామా?"

"దానికేం తెలుసు, దాని చీర కుచ్చిళ్ళు పెట్టుకోవడమే దానికి రాదు. నేను చూసుకుంటాలే."

"ఏం చూసుకుంటావు?"

"ఆ ముసలమ్మని చిల్లుల గుడ్డ పరిచి పంపుతారా? తల్లి లేని పిల్ల. తల్లి ఉంటే ఈపాటికి బాగు చేసి ఉండేది గదా."

ఆమె చేతులు ఊరుకోవని అతనికి తెలుసు. కొత్తదానికి పడుగు సిద్ధం చేసుకునే పనిలో పడ్డాడు.

అటకమీది రేకు పెట్టెలో మామగారి కాలం నాటి నూలు చుట్టలు ఇంకా ఉన్నాయి. అదే ఎరుపు, అదే నలుపు. వెలిసిన గుడ్డకు సరిపోయేట్టు పున్నమ్మ ఆ నూలును ఎండలో వేసి రంగు దించింది. పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, అరుగు మీద వెలుతురులో కూర్చునేది. ఒక్కొక్క పోగూ సూదికెక్కించి, పడుగు పైనుంచి, కింద నుంచి, పేక ఎట్లా నడిచిందో అట్లాగే నడిపించేది. ఒక్కోసారి సూది ఆపి, ఈ ఖాళీ పక్క ఖాళీలాగే ఉందేమిటా అనుకునేది. రెండు గళ్ళు దాటి మళ్ళీ అదే ఆకారం. నిచ్చెన మెట్ల మాదిరిగా. అనుకునేది, మళ్ళీ సూది కదిలేది. ముఖం కూడా తెలియని ఆ తల్లిని తలుచుకుని, "నీ పని నేను చేస్తున్నానమ్మా," అని పైకే అంది ఒకరోజు. ఆ మాటకు ఆమెకే కళ్ళు చెమర్చాయి.

అయిపోయాక కుంకుడు రసంలో ఉతికింది. పలచటి గంజి పెట్టి, నీడలో ఆరేసి, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసింది. మాలకొండయ్య రెండు కొసలూ పట్టుకుని ఎటు తిప్పి చూసినా కొత్త పోగేదో పాత పోగేదో తెలియలేదు. "నువ్వు మనిషివి కాదే," అన్నాడు. ఆ రోజంతా ఆమె కాళ్ళు నేలమీద ఆనలేదు.

బోమా ఊరికి బయలుదేరే ముందురోజు ఇద్దరు అమ్మాయిలూ వచ్చారు. పున్నమ్మ పొద్దున్నే లేచి గోంగూర పచ్చడి, ముద్దపప్పు చేసి, బోమావాళ్ళకు ఇష్టమని విని చేపల పులుసు కూడా పక్కింట్లో చేయించి తెప్పించింది. తమ ఇంట్లో చేప ముట్టరు.

ముందు కొత్త రుమాలు ఇచ్చారు. బోమా దాన్ని చెంపకు ఆనించుకుంది. ఒక కొసను నాలిక చివర తాకించి కళ్ళు మూసుకుంది. వాళ్ళ ముసలమ్మలు నిజమైన ఇంజిరిని అట్లాగే పోల్చుకుంటారట.

"ఉప్పు సరిపోయిందేమో కనుక్కో," అన్నాడు మాలకొండయ్య. భవ్య ఆ మాట చెప్తే బోమా కూడా నవ్వింది. ఆ ఇంట్లో ఆ రోజుకు అదే ఆఖరి నవ్వు.

పున్నమ్మ లోపలికి వెళ్ళి పాత గుడ్డను పళ్ళెంలో పెట్టి, మీద రెండు బంతిపూలు ఉంచి తెచ్చింది. కళ్ళలో మెరుపు దాచుకోలేకపోయింది. బోమా తీసుకుని అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్ళీ పెట్టుకుంది. గంజి వాసన తప్ప అందులో ఇంకేమీ లేదు. గుడ్డ విప్పింది. నడిమి భాగమంతా అరచేత్తో నిమిరింది, గుడ్డివాళ్ళు నిమిరినట్టు. తిరగేసి చూసింది. మెల్లగా గోడకు చేరగిలి కింద కూర్చుంది.

ఇంగ్లీషులో ఏదో అడిగింది. భవ్య మొహం పాలిపోయింది.

"ఏమందే?" అంది పున్నమ్మ. "బాగాలేదా? ఏమందో చెప్పవే."

"అమ్మ ఏదీ అంటోంది పిన్నీ."

భవ్య తడబడుతూ చెప్పింది. అవి చిల్లులు కావు. కలబరి ఆడవాళ్ళు ఇంజిరిని ఉన్నదున్నట్టు కట్టుకోరు. సూదితో పోగు పైకి లేపి, బ్లేడుతో కోసి, పట్టుకుని లాగేస్తారు. ఏ పోగు ఉంచాలి, ఏది తియ్యాలి అన్నదే విద్య. తీసిన చోటల్లా కొత్త ముగ్గు పుడుతుంది. పెలెటె బిటె, కోసిన గుడ్డ అంటారు. ఎక్కడో ఎవరో నేసిన గుడ్డ అట్లా కోశాకే వాళ్ళదవుతుంది. ఈ గుడ్డను బోమా తల్లి నెలల తరబడి కూర్చుని కోసింది. ఆ ముగ్గు ఆమెది. కూతురికి ఇంకా నేర్పలేదు. సెలవులకు వచ్చినప్పుడు నేర్పుతానంది.

"ఒక్క పోగు కూడా చెడిపోయింది కాదు పిన్నీ. వాళ్ళమ్మ తీసినవి," అంది భవ్య. "నాకూ తెలియదు. కంటికి ఇంత స్పష్టంగా కనపడే దాన్ని ఎవరికైనా చెప్పాలని తనూ అనుకోలేదు."

పున్నమ్మ గబగబా లోపలికి పోయి సూది, చిన్న కత్తెర పట్టుకొచ్చింది. "తీసేస్తాను. నేను పెట్టినవే గదా, నేనే తీసేస్తాను. ఎంతసేపు! ఆ పిల్లని ఏడవొద్దని చెప్పు."

గుడ్డ ఒళ్ళో వేసుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, వెతికింది. ఒక పోగు ముట్టుకుంది, వదిలేసింది. ఇంకొకటి. తన చేతి పని తనకే దొరకలేదు. గంజికి పోగూ పోగూ అతుక్కుని ఒకటే ముక్క అయిపోయింది. మాలకొండయ్య వచ్చి భూతద్దం పెట్టి చూశాడు. అతని వల్లా కాలేదు. అతను తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు. అతను తిట్టలేదు.

బోమా ఫోనులో ఒక ఫొటో ఉంది. ఏదో పండగనాడు వాళ్ళమ్మ ఆ గుడ్డ నడుముకు చుట్టుకుని గుమ్మంలో నిలబడింది. నవ్వుతోంది. ఆ ముగ్గులో ఒక పక్క మాత్రమే ఫొటోలో స్పష్టంగా కనపడుతోంది. భవ్య దాన్ని పెద్దది చేసి పట్టుకుంది. పున్నమ్మ అందులో గళ్ళు చూసుకుంటూ ఒక్కొక్క పోగూ కోసి లాగింది. మధ్యాహ్నం వాలేసరికి అరచెయ్యంత మేర వెనక్కి వచ్చింది. నిచ్చెన మెట్లు, వాటి పక్కన చిన్న చిన్న తాబేటి డొప్పల్లాంటివి. అక్కడితో ఫొటో అయిపోయింది.

పున్నమ్మ ఆగలేదు. "దీని తరవాత ఇదే మళ్ళీ వచ్చి ఉంటది. నాకు గుర్తుంది. అట్లానే ఉండేది," అంటూ కత్తెర ముందుకు జరిపింది.

బోమా ఆమె మణికట్టు పట్టుకుంది. "చాలు, ఆంటీ."

తరవాత భవ్యతో నెమ్మదిగా ఏదో చెప్పింది. "ఇక్కడి వరకూ అమ్మ తీసినట్టే వచ్చిందంట," అంది భవ్య. "ఇక్కడి నుంచి కోస్తే నువ్వు అనుకున్నట్టు వస్తుంది, లేకపోతే తను అనుకున్నట్టు వస్తుంది. అది అమ్మది కాదు, వద్దంటోంది."

పున్నమ్మ రెండు చేతులూ జోడించింది. బోమా ఆ చేతులను పట్టుకుని కిందికి దించింది. మీ తప్పు కాదని చెప్పమన్నట్టు భవ్య వైపు చూసింది. భవ్య చెప్పింది. చెప్పిన మాట మెత్తగానే ఉంది గానీ, ఆ అమ్మాయి కళ్ళు పున్నమ్మను దాటి గోడ మీద ఎక్కడో ఉన్నాయి. కంచం ముందు కూర్చుంది, అన్నం కలిపింది. ఒక్క ముద్ద కూడా లోపలికి పోలేదు. పొద్దు గుంకకముందే రెండు గుడ్డలూ సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

ఆ సాయంత్రం పున్నమ్మ దీపం ముందు చాలాసేపు కూర్చుంది. మంచి మనసుతో చేసిన పనికి ఇదా ఫలం స్వామీ, అని అడిగింది. అడిగిన మాట తనకే నిలవలేదు. మంచి మనసు ఒక్కటే అయితే, మొగుడు అడుగుదామన్నప్పుడు ఎందుకు అడగలేదు? సూది ఆపి అనుమానపడ్డ ప్రతిసారీ మళ్ళీ ఎందుకు కుట్టింది? బాగు చెయ్యడమే తనకు తెలుసు. బాగున్నదాన్ని చూడటం తెలియలేదు. ఆ తేడా ముందే చెప్పి ఉండకూడదా అని పటాన్ని అడగబోయి, చెప్పాడేమో, పక్కన కూర్చున్న మొగుడి నోటితో చెప్పించాడేమో అనుకుని ఊరుకుంది.

పత్తి విత్తనాలు పడే వేళకు భవ్య మళ్ళీ వచ్చింది. అమ్మమ్మను సాగనంపిన నాటి ఫొటో బోమా పంపిందని చెప్పింది. ఇంకేమీ రాయలేదట, ఫొటో ఒక్కటే పంపిందట.

పెద్ద గది. ఇత్తడి మంచం. గోడల నిండా, పందిరి నిండా గుడ్డలు. మడతలు పెట్టి, విసనకర్రల్లా విప్పి, పూలల్లా చుట్టి, ఒకదాని మీద ఒకటి. చూడబోతే తేరు అలంకరించినట్టుంది. మాలకొండయ్య నేసిన కొత్త ఎరుపు తలవైపున నిగనిగలాడుతోంది. అతను చూసి మగ్గంలోకి దిగాడు.

పున్నమ్మ ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఆ మూల నుంచి ఈ మూల దాకా వెతికింది. భవ్య వేళ్ళతో పెద్దది చేసి చూపించింది. పాత గుడ్డ ఎక్కడా లేదు.

"కింద మడతలో ఉందేమో పిన్నీ. ఇన్నిట్లో ఎట్లా తెలుస్తుంది? అడగనా?"

"వద్దమ్మా," అంది పున్నమ్మ. "అడగాల్సినప్పుడు అడగలేదు. ఇప్పుడు అడిగితే ఆ పిల్లే నన్ను ఓదార్చాలి."

"పోనీ ఏదైనా రాయనా నీ తరఫున?"

"వాళ్ళ అమ్మమ్మ పేరేంటి?"

భవ్య ఆలోచించింది. "తెలియదు పిన్నీ."

"వాళ్ళమ్మ పేరు?"

భవ్య తల అడ్డంగా ఊపింది. ఫోను తెర ఆరిపోయింది. మళ్ళీ వెలిగించమని పున్నమ్మ అడగలేదు.