ఇస్త్రీ చేసిన నీడ

ఈ సంగతి నాకు మొదట చెప్పింది అమీర్‌పేట స్టేషన్ మెట్ల కింద పూలమ్మే మంగవ్వ. తర్వాత చాలామంది చెప్పారు, తలా ఒక తీరుగా, సగం తప్పుగా. నేను మంగవ్వ మాటనే పట్టుకున్నాను.

మంగవ్వ పక్కనే చిలకమ్మ ఇస్త్రీ బండి. పొద్దున్నే బొగ్గులు రాజేసి పెట్టె నింపి, మొదట ఒక పాత గుడ్డ మీద ఆనించి వేడి చూసుకునేది. పంజాగుట్ట దాకా ఇళ్ళ బట్టలు ఆమెకే వచ్చేవి. పట్టాల పనివాళ్ళ నీలం చొక్కాలు సుత. అవన్నీ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి కాలరు లోపల దారంతో గుర్తు కుట్టేది. కొడుకు రాకేశ్ చొక్కాకు ఎర్ర గీత. సూపర్‌వైజర్ విక్రమ్ చొక్కాకు ఎర్ర ఇంటూ.

స్టేషన్ దాటాక పాత పట్టాల వంతెన ఒకటి ఉండేది. కొత్తది కట్టడానికి దాన్ని ముక్కలుగా కోసి దించుతున్నారు. సగం దించి లారీల మీద సనత్‌నగర్ తీసుకుపోయారు. దాని నీడ మాత్రం రోడ్డు మీదే ఉండిపోయింది. పైన వట్టి ఆకాశం, కింద వంతెన నీడ. ఆటోవాళ్ళు అందులో ఆటోలు పెట్టుకుని కునుకు తీసేవారు. చిలకమ్మ బండిని, మంగవ్వ పూలగంపను సుత అందులోకే జరుపుకున్నారు.

ఒక మధ్యాహ్నం ఆ నీడ అంచు మీద మనిషి నీడ కనపడింది, కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నట్టు. తలగుడ్డ చూసి, వంతెన కోసే తారక్ అన్నారు. తారక్ అప్పుడు కిందనే చాయ్ తాగుతున్నాడు. తెల్లారి, మిగిలిన సగం వంతెన మీది నుంచి పడి చనిపోయాడు. ఆటోలు అంచుకు కొంచెం దూరం జరిగాయి.

వారం తిరగకముందే అంచు మీద ఇంకొక నీడ. దీనికి ఎడమ భుజం కిందికి వాలి ఉంది. చిలకమ్మ చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. అలాంటి భుజమున్న రాకేశ్ ఎదురుగానే టిఫిన్ డబ్బా తెరిచి తింటున్నాడు.

"అట్ల చూస్తవేందమ్మా? కూర మంచిగనే ఉందిలే."

"రేపు పైకి ఎక్కకు బిడ్డా."

వాడు సుత నీడ వైపు చూశాడు. "ఎక్కకుంటే పని ఊడ్తది. విక్రమన్న సంగతి నీకు ఎర్కలేదా?" అన్నాడు, మెల్లగా.

విక్రమ్ అటే వస్తుంటే చిలకమ్మ అడ్డం పోయింది.

"సారూ, రేపొక్క దినం మావోణ్ణి కిందనే ఉంచుండ్రి. జర గా అంచు చూడుండ్రి."

"చూసిన," అన్నాడు విక్రమ్. "ఎవడో ఒకడు ఎక్కాలె గద. నన్ను కూసోమంటవా ఏంది?" నవ్వాడు. "నా చొక్కా పొద్దుగాల్లకు తయారుండాలె. పెద్దసార్లు చూడనీకి వస్తున్నరు."

చిలకమ్మ బండి దగ్గరికి తిరిగి వచ్చింది. మూటలోంచి ఒక నీలం చొక్కా లాగి, మనిషి నీడ పడినచోట రోడ్డు మీద పరిచింది. నీళ్ళు చిలకరించి, రెండు చేతులతో పెట్టె అదిమింది. ఆవిరి లేచింది. ఆటోవాళ్ళు జరిగి చోటిచ్చారు.

"కాళ్ళు బయటకొస్తున్నయే," అంది మంగవ్వ.

చిలకమ్మ వాటిని సుత లోపలికి మడిచింది. చొక్కా ఎత్తేసరికి అంచు ఖాళీ. నీలం జర చిక్కబడింది, అంతే.

తెల్లారి పెద్దసార్లు వచ్చారు. రాకేశ్ అంచుకు పోబోతుంటే, "ఆగు, సార్లకు నేనే చూపిస్త," అని విక్రమ్ ముందుకు నడిచాడు. మీద ఇస్త్రీ చొక్కా. అంచు మీద కూర్చుని కాళ్ళు వేలాడేశాడు. ఎన్నడూ లేనిది అతని ఎడమ భుజం వాలింది. రాకేశ్ తాడు అందుకుని తిరిగేసరికి అంచు మీద ఎవరూ లేరు.

పేపర్లో కాలు జారిందని రాశారు. పంజాగుట్ట నుంచి ఆమెకు బట్టలిచ్చే అచ్యుతరావు అయితే, "ఎండకి కళ్ళు కనపడక చొక్కా మారిపోయిందండీ, పాపం పెద్దావిడ," అని ఇప్పటికీ అందరికీ చెప్తున్నాడు. ఆ మాటతోనే ఆయనతో నాకు మాటలు బంద్.

చిలకమ్మ ఇన్నేళ్ళలో ఒకరి చొక్కా ఇంకొకరికి ఇచ్చి ఎరగదు. పరిచే ముందు కాలరు తిప్పి, గుర్తును బొటనవేలితో తడిమి, మళ్ళీ తడిమి చూసుకుందట. మంగవ్వ పక్కనే ఉంది. రాయడం వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే, కాలు జారిందన్నది కొట్టేయండి, పొరపాటన్నది సుత కొట్టేయండి. ఆమె చేసింది చేసినట్టు రాయండి.