బెత్తెడు తెర

జానెడు కూడా కాదు, బెత్తెడు. బెత్తెడు తెర పక్కకు జరిపితే ఎంత ఎండ లోపలికొస్తుంది? ఇరవై ఆరేళ్లుగా లైట్‌హౌస్ కీపర్ మనసులో ఇదే ప్రశ్న. బెత్తెడే అనుకున్న రోజున తప్పు కూడా బెత్తెడే అనిపించేది.

ఆయన రిటైరై చాలాకాలమైంది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఈ రాళ్లగుట్ట మీది పాత లైట్‌హౌస్‌ను సోమవారం నుంచి జనానికి చూపిస్తారట. దగ్గరుండి సర్దించమని ఆయన్నే పిలిచారు.

దీపం గది మధ్యలో మనిషెత్తు లెన్స్. చీకట్లో చిన్న దీపాన్ని పదిహేను మైళ్లు పంపే ఆ గాజే, పగలు ఎండ తగిలితే భూతద్దమై నిప్పు పుట్టిస్తుంది. అందుకే తెల్లవారి దీపం ఆర్పగానే గది చుట్టూ అద్దాలకు తెరలు కట్టాలి. కట్టినవాడు రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి.

ఆ రోజు సంతకం బావమరిదిది. అప్పుడతను సహాయ కీపర్, తను ప్రధాన కీపర్. తెర కట్టాడు కూడా. గంట తర్వాత పైకెక్కి దాన్ని పక్కకు లాగింది తను. భార్య పదిరోజుల పాపతో పుట్టింటి నుంచి పడవలో వస్తోంది. పడవ రాళ్ల మలుపు తిరగడం చూశాడు, మెట్లు దిగి పరుగెత్తాడు, తెర మరిచాడు. మధ్యాహ్నానికి చెక్క నేల అంటుకుంది. మంట ఆర్పారు. అధికారి వచ్చి రిజిస్టర్ తెరిచాడు. బావమరిది ఉద్యోగం పోయింది.

తనను ఎవరూ అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పకపోవడం అబద్ధం కాదని వాదించడానికి మనసు ఒక వకీలును పెట్టుకుంది. వాడు ఇన్నేళ్లలో ఒక్కరోజు సెలవు పెట్టలేదు. ఉద్యోగం పోబట్టే కదా పడవ ఇంజన్ల మెకానిక్ అయ్యాడు, నీకంటే బాగా బతికాడు అనేవాడు.

మెట్ల మీద రొప్పు వినిపించింది.

"నూట నలభై రెండు మెట్లు, బావా! నన్ను తీసేసి మంచిపని చేశారు. లేకపోతే ఈపాటికి నా మోకాళ్లు కూడా ఇక్కడే ప్రదర్శనకు పెట్టేవాళ్లు."

బావమరిది చేతిలో గ్రీజు డబ్బా. తలుపు బందులు పట్టేశాయని కీపరే రమ్మన్నాడు. వెనకాలే బోర్డుల పెయింటర్ కాగితం పట్టుకొచ్చాడు.

"సాయంత్రానికి బోర్డు అయిపోవాలి సార్. ఒకసారి చూసి సంతకం పెట్టండి."

'నేల మీది ఈ కాలిన మచ్చ, సహాయ కీపర్ తెర సరిగా కట్టనందువల్ల ఏర్పడింది.'

బావమరిది భుజం మీదుగా చదివి పగలబడి నవ్వాడు. "పేరు రాయలేదు, బతికిపోయా. అయినా ఊళ్లో తెలియందెవరికిలే!"

నవ్వుతూనే వెళ్లి గది అద్దాలకున్న కొత్త తెర తాడు ముడేశాడు. లాగి చూశాడు. మళ్లీ లాగాడు. మూడోసారి కూడా.

"ఏంట్రా అది?"

"అలవాటు బావా. ఆనాటి నుంచి నా ముడి నేను నమ్మను. పడవ కట్టేసి ఇంటికెళ్తానా, సగం దారిలో వెనక్కొచ్చి చూసుకుంటా. మా ఆవిడ పిచ్చోడంటుంది. ఆ రోజు మాత్రం గట్టిగానే కట్టాననిపిస్తుంది. ఎలా ఊడిందో!"

ఉద్యోగం గురించి మనసులోని వకీలు దగ్గర ఎన్ని వాదనలైనా ఉన్నాయి. ముడి గురించి ఒక్కటీ లేదు.

"అక్షరం తప్పు పోయిందా సార్?" అన్నాడు పెయింటర్.

"అక్షరాలు బానే ఉన్నాయి. పెన్నివ్వు."

కీపర్ కాగితాన్ని కిటికీ గట్టు మీద పరిచాడు. 'సహాయ' కొట్టేసి 'ప్రధాన' అని రాశాడు. 'తెర సరిగా కట్టనందువల్ల' కొట్టేసి, 'కట్టి ఉన్న తెర తీసి, తిరిగి వేయడం మరిచినందువల్ల' అని రాశాడు. కింద సంతకం పెట్టాడు.

పెయింటర్ చెయ్యి చాపాడు. కీపర్ కాగితాన్ని బావమరిది చేతిలో పెట్టాడు.