రూతు ముఖం

థెల్మా నల్లటి ఎండుకాయలను ఒక్కొక్కటే తడి బంకమట్టిలోకి అదుముతోంది. సెలవులకొచ్చే పట్నంవాళ్ళ ఇళ్ళు పొద్దున్నే కడిగి వచ్చింది. వాటిలో ఒకటి, క్వారీలో రాళ్ళు కొట్టిన ఆమె తండ్రి ఒకప్పుడు అద్దెకున్న ఇల్లే. చర్చి పక్క కొట్టంలో, ఆ మట్టి పరిచిన ఈ చెక్కపలక రేపు ఊరి బావి దగ్గర నిలబడాలి. నీళ్ళిచ్చిన దేవుడికి కృతజ్ఞతగా ఏటా పూరేకులతో కట్టే బొమ్మ. ఈసారి బైబిల్లో కోతచేల వెంట పరిగె ఏరుకునే రూతు.

అంచులు థెల్మావి. ముఖాలు ఆమె పాత స్నేహితురాలు మ్యూరియల్‌వి. ఇద్దరికీ పెళ్ళయిన కొత్తలో ఎలా కుదిరిందో ఇప్పటికీ అంతే. పట్నంవాళ్ళు ఫొటో తీసేది ముఖాన్నే.

"చక్కగా ఉందే నీ అంచు, గొర్రెలదొడ్డికి కంచె వేసినట్టు," అంది మ్యూరియల్.

"కంచె లేకపోతే నీ రూతు పొలం దాటి పారిపోదూ," అంది థెల్మా.

ఇద్దరూ నవ్వారు. థెల్మా కడుపులో మాత్రం ఎప్పటి మంటే.

అప్పుడు చూసింది. మ్యూరియల్ నుదుటి నుంచి కిందికి రేకులు పెడుతోంది. ఎవరైనా గడ్డం నుంచి పైకి పెడతారు, ఇంటిపెంకుల్లా, పై రేకు కింది రేకును కప్పేలా. లేకపోతే వాననీరు లోపలికి దూరి ముఖమంతా ఊడిపోతుంది. ఆ ఊళ్ళో పసిపిల్లలకూ తెలిసిన సంగతి. మ్యూరియల్ ఒక్కో రేకునూ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూస్తోంది.

బయట మబ్బు పట్టింది. రేపు అందరి ముందూ రూతు ముఖం జారిపోవడం థెల్మా కళ్ళకు కట్టింది. తీయగా ఉంది. ప్రార్థన చేసే మనసుకు ఇది ఇంత తీయగా ఎలా ఉందా అనుకుంది. అనుకుని, తప్పు చెప్పకుండా ఇంకో ఎండుకాయ అదిమింది.

"కళ్ళు తిరుగుతున్నాయే. కాస్త నడుం వాల్చి వస్తా. ఇక పెదవులేగా," అని మ్యూరియల్ ఎదురుగా ఉన్న తన ఇంటికి వెళ్ళింది.

టీ వేళకు మ్యూరియల్ చెల్లెలు ఆగ్నెస్ గుమ్మంలో నిలబడింది. "లేపితే లేవలేదు థెల్మా. నిద్దర్లోనే పోయింది." పలక కేసి చూసి, "బొమ్మ మాత్రం ఆపొద్దు. అక్క చేసిన ఆఖరి ముఖమని రేపు అందరికీ నేనే చెబుతా," అంది.

ఆమె వెళ్ళాక కప్పు మీద చినుకులు మొదలయ్యాయి. థెల్మా సరిచేస్తే, రేపు నిలిచేది తను చేసిన ముఖం, పేరు మాత్రం మ్యూరియల్‌ది. మంట ఆరలేదు. అయినా లేచి, ముఖంలోని రేకులు ఒక్కొక్కటే ఊడదీసి, గడ్డం దగ్గర మొదలుపెట్టింది.

పెదవులకు రేకుల కోసం చెయ్యి చాచితే బల్ల చివర తడిగుడ్డ కింద సాసరు తగిలింది. చిన్నవాటి నుంచి పెద్దవాటి వరకు వరసగా పేర్చిన ఎర్రటి జెరేనియం పూరేకులు, సాసరు అంచున ఇంకా ఆరని మట్టిలో మ్యూరియల్ బొటనవేలి ముద్ర.