అత్తయ్య చేతి సూది

రోజంతా సూదితో బతికే దర్జీకి ఇంజెక్షన్ అంటే భయమని చెప్తే ఎవరు నమ్ముతారు? నమ్మరనే మన దర్జీ ఎవరికీ చెప్పలేదు. కుడి బొటనవేలికి మిషన్ సూది దిగితే గుడ్డపేలిక చుట్టుకుని ఊరుకున్నాడు. అది చీము పట్టి, అరచెయ్యి బూరెలా పొంగి, ఎర్రటి గీత మోచెయ్యి దాకా పాకింది. అప్పుడు భార్య డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్ళింది.

ఇది మాత్రలకు లొంగే దశ దాటిపోయిందనీ, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ రోజూ పడాల్సిందేననీ, మధ్యలో మానేస్తే బొటనవేలు దక్కదనీ డాక్టరు చెప్పాడు. బొటనవేలు లేనివాడు కత్తెర ఎలా పడతాడు? మనవాడికి ముచ్చెమటలు పట్టాయి. అయినా ఆసుపత్రిలో ఉండనని మొండికేశాడు. ఇంట్లో ఇంజెక్షన్ చేసేవాళ్ళెవరైనా ఉన్నారా అని డాక్టరు అడిగితే, మా అమ్మ ఉందండీ అని భార్య గర్వంగా చెప్పింది.

చిక్కంతా ఆ అమ్మతోనే. రిటైరైన హెడ్ నర్సు, ఉండేది వాళ్ళ మేడమీదే. వీళ్ళ పెళ్ళిలో అల్లుడు కుట్టిన జాకెట్టు బిగుతైందని ఆవిడ నలుగురిలో అంటే, "జాకెట్టు సరిగ్గానే ఉంది, మనిషే ఎక్కువైంది" అన్నాడీ మహానుభావుడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో కూతురే టెలిఫోను.

ఇంజెక్షనేమో తుంటికి. మొదటిరోజు అత్తగారు చిన్న సీసాలోని తెల్లపొడిలో నీళ్ళు కలిపి ఊపుతూ, ప్యాంటు కొంచెం దించమని కూతురికి చెప్పింది. కూతురు మొగుడికి చెప్పింది. సిగ్గుతో సగం చచ్చాడు, నొప్పితో మిగతా సగం. మీ అమ్మ పగ తీర్చుకుంటోందని తర్వాత పెళ్ళాం దగ్గర గొణిగాడు. పాపం, ఆ మందు గుణమే అంత. కండలోకి వెళ్తుంటే ఎవరు పొడిచినా చుక్కలు కనిపిస్తాయి.

వాపు కాస్త దిగిన రోజున భార్య డ్యూటీకి వెళ్ళిపోయింది. అత్తగారు సిరంజితో వచ్చి, మందు కలిపానని గోడతో చెప్పింది. చెయ్యి బాగైపోయింది, ఇక ఎవరికీ శ్రమ అక్కర్లేదని అల్లుడు ఫ్యానుతో చెప్పాడు. గోడా ఫ్యానూ ఏం మాట్లాడుకుంటాయి? ఇద్దరూ బిగదీసుకుని నిలబడ్డారు. అతని బొటనవేలు ఇంకా సరిగ్గా వంగడంలేదు. ఆవిడ చూపు దానిమీదే ఉంది.

"చూడు బాబూ," అందావిడ చివరికి, సూటిగా అతని మొహంలోకి చూసి. "నాకు కోపం నీ మీద. నీ చెయ్యి నాకేం చేసింది?"

ఇన్నాళ్ళూ ఈవిడ తన చెడే కోరుతోందనుకున్నాడు. ప్యాంటు దించినప్పటికంటే ఎక్కువ సిగ్గేసింది. వెనక్కి తిరిగాడు.

"ఏ వైపు, అత్తయ్యా?"

"నిన్న ఎడమ. ఇవాళ కుడి."

సూది దిగింది. ఆ మంటకి అతని నోట్లోంచి ఓ పచ్చి బూతు ఊడిపడి, పెళ్ళైన ఇన్నేళ్ళకి మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా ఆవిడకే చేరింది.

అత్తగారు దూది గట్టిగా అదిమి, "రేపు ఎడమ," అంది.